లెక్కల వృత్తి : నేటి చిక్కులు, మన పిల్లల భవిష్యత్తు

ప్రతి వేసవియందును ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితములు వెలువడిన మరునాటినుండి మా పాఠశాల వరండాలో ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. "అబ్బాయిని ఏ విభాగములో చేర్పించమందురు, మాస్టరుగారూ?" అని తల్లిదండ్రు లడుగుదురు. వాణిజ్యశాస్త్రమను మాట మేము పలికినంతనే వారి ముఖములు కొంత చిన్నబోవును. "లెక్కలన్నియు కంప్యూటరే వ్రాయుచున్నది గదండీ, ఇక ఆడిటరుతో పని యేముండును?" అని సందేహింతురు. ఈ సందేహము సహేతుకమైనదే. నిలుచున్నపాటున రెండు మాటలు చెప్పి పంపివేయుట న్యాయము కాదని తోచి, ఈ సంచికలో కొంత విపులముగా వ్రాయ నుద్యమించితిమి.

లెక్కలు వ్రాయువా డనగానే మన పెద్దలకు మొదట జ్ఞప్తికి వచ్చువాడు గ్రామ కరణము. కన్నడ సీమలో అతనినే శానుభోగు డందురు. ఊరిలో ఏ భూమి యెవరి యనుభవములో నున్నది, శిస్తెంత, బాకీ యెంత అను సంగతు లన్నియు అతని దస్తరములో నుండెడివి. సామాన్య రైతునకు ఆ వ్రాత బోధపడెడిది కాదు. సుమతీ శతకకర్త కరణములనుగూర్చి పలు హెచ్చరికలు చేయుటకు కారణ మిదియే. మైసూరు రాష్ట్రము 1961లో శాసనము చేసి వంశపారంపర్యపు గ్రామోద్యోగములను తొలగించెను. ఆంధ్రప్రదేశమున 1984లో శ్రీ నందమూరి తారక రామారావు ప్రభుత్వము మునసబు, కరణముల పదవులను రద్దు చేసెను.

కరణములలో ధర్మపరులు లేకపోలేదు. దోష మంతయు పద్ధతిలో నుండెను. లెక్క వ్రాయువాడును, దాచువాడును, చదివి వినిపించువాడును ఒక్కడే యైనప్పుడు, అతడు మంచివాడైన ఊరు బాగుపడును. కానిచో ఊరికి దిక్కులేదు. కావుననే వ్రాయువాడు వేరుగను, పరీక్షించువాడు వేరుగను ఉండవలెనను నియమము లోకమున స్థిరపడినది. ఆ పరీక్షకే ఆడిట్ అని పేరు. ఈ వృత్తికి ప్రాణమైన సూత్ర మిదియే. తక్కిన వన్నియు దీని శాఖలు.

స్వతంత్ర భారతమున చార్టర్డ్ అకౌంటెంట్ల శాసనము 1949లో వచ్చినది. ఆ యేడు జూలై 1వ తేదీన వారి సంస్థ యేర్పడెను. అప్పు డందలి సభ్యులు సుమారు 1,700 మంది. నేడు నాలుగు లక్షలకు మించియున్నారు. ఈ వృత్తి మగవారి సొత్తని యెవరైన ననుకొన్నచో వారికి శ్రీమతి ఆర్. శివభోగముగారి పేరు చెప్పవలెను. ఆమె 1933లోనే మదరాసున పరీక్ష నెగ్గి, మన దేశపు తొలి మహిళా గణకురాలని పేరొందిరి. స్వాతంత్ర్యోద్యమమున కారాగారమునకు వెళ్ళివచ్చినవా రామె. మా బాలికలు ఈ పేరు గుర్తుంచుకొందురుగాక.

ఇక యంత్రము మాట. ఈ విషయమున బెంగుళూరు వారమైన మనము ఇతరులకంటె దగ్గరగా చూచినవారము. దేశమున వేలకొలది అంగళ్ళలో వాడుకలోనున్న టాలీ అను లెక్కల సాఫ్ట్‌వేరు 1986లో గోయెంకా కుటుంబమువారు ప్రారంభించినది. దాని నిర్మాతయైన శ్రీ భరత్ గోయెంకా తన తండ్రిగారి వ్యాపారపు లెక్కల అవసరమునకే దానిని మొదట తయారుచేసిరి. ఆ సంస్థ మన నగరముననే యున్నది. ఆదాయపు పన్ను రిటర్నులను యంత్రములపై పరిష్కరించు కేంద్రము కూడ 2009లో బెంగుళూరుననే నెలకొన్నది. 2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను వచ్చిన పిదప, అమ్మినవాని బిల్లును కొన్నవాని బిల్లుతో సరిచూచు పనియు యంత్రములకే చేరినది.

వెనుకటి కాలమున చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించుట, కూడుట, అంకణా తేల్చుట గుమాస్తాకు సంవత్సర మంతయు పని. ఒక్క రూపాయి తేడా వచ్చినచో రాత్రి దీపము ముందు కూర్చుండి పుట లన్నియు తిరుగవేసెడివారు. ఆ శ్రమ యంతయు నేడు క్షణములలో ముగియుచున్నది. ఇటీవల కృత్రిమ మేధ వచ్చి బిల్లులను తానే చదివి, ఖాతాలుగా విభజించి, అనుమానాస్పదమైన పద్దులను వేరుచేసి చూపుచున్నది. కేవలము ఎక్కింపు, కూడికలతో బ్రతుకుదమనుకొన్నవారికి ఇది నిజముగా గడ్డుకాలమే. ఈ మాట పిల్లలకు దాచిపెట్టుట మేలు కాదు.

అయినను కూడిక సరియగుట వేరు, లెక్క నిజమగుట వేరు. ఈ భేదమును మన తెలుగువారికి బోధించిన చేదు పాఠ మొకటి కలదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ సంస్థ అధిపతి శ్రీ బి. రామలింగరాజు 2009 జనవరి 7వ తేదీన ఒక లేఖ ప్రకటించి, పుస్తకములలో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు లేనే లేవని యొప్పుకొనెను. ఆ పుస్తకములలో కూడికలు తప్పలేదు. జమకు జమ, ఖర్చుకు ఖర్చు సరిపోయినవి. ఏటేట ఆడిటర్ల సంతకములును పడినవి. కొరవడిన దొక్కటే: బ్యాంకులో ఆ డబ్బున్నదా యని బ్యాంకునే నేరుగా అడిగి, వచ్చిన జవాబును పట్టుదలతో సరిచూచుట. ఈ కేసులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము 2015 ఏప్రిల్‌లో పదిమందిని దోషులుగా నిర్ణయించెను. అందులో ఇద్దరు ఆడిటర్లు. వారు పై న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనిరి.

మన నగరముననే 2020 జనవరిలో బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి, ఒక్కొక్క డిపాజిటుదారు 35,000 రూపాయలకు మించి తీసికొనరాదని ఆదేశించెను. పింఛనుసొమ్ము దాచుకొన్న వృద్ధు లెందరో వీధిన నిలుచుండి తమ డబ్బునుగూర్చి ప్రశ్నించుట మనము కన్నులార చూచితిమి. లెక్కలో అబద్ధము చొరబడినచో దాని భారము చివరకు ఎవరి నెత్తిన పడునో గ్రహించుట కింతకంటె నిదర్శనము వలదు.

ఇట్టి దెబ్బలు తిన్న పిదపనే చట్టములు మారినవి. 2013 నాటి కంపెనీల శాసనము పెద్ద కంపెనీలలో ఒకే ఆడిటరు ఏండ్లకొలది పాతుకొనిపోకుండ నియమము చేసెను. వ్యక్తియైనచో అయిదేండ్లు, సంస్థయైనచో పదేండ్లు గడిచిన పిమ్మట తప్పుకొనవలెను. ఆడిటర్లను విచారించి శిక్షించుటకు 2018 అక్టోబరులో జాతీయ ప్రాధికార సంస్థ యొకటి యేర్పడినది. దొంగ సంతకములను అరికట్టుటకు 2019నుండి చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చు ధ్రువపత్రమునకు 18 అంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరియైనది. 2023 ఏప్రిల్ 1నుండి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి దిద్దుబాటును తేదీతోసహా భద్రపరుపవలెను. చేతివ్రాత పుస్తకములలో తప్పుపడిన అంకెను చెరిపివేయక, గీటు పెట్టి ప్రక్కన పొడి సంతకము చేయవలెనని మన పాత గుమాస్తాలు చెప్పిన నీతియే ఇదియు.

ఇన్ని చట్టములు వచ్చినను మూలమున నొక చిక్కు మిగిలియే యున్నది. ఆడిటరునకు రుసుము చెల్లించునది ఆ కంపెనీయే. ఆ కంపెనీ తప్పునే అతడు పట్టవలెను. అన్నము పెట్టు చేతిని ప్రశ్నించుట సులభముకాదు. "ఇది నేను సంతకము చేయను" అని పలుకుటకు యంత్రమునకు నోరు లేదు. ఆ మాట పలుకగల మనిషి కొరకే సమాజ మీ వృత్తిని నిలుపుకొన్నది.

ఆడిటరు అవసరము పెద్ద కంపెనీలకే పరిమిత మనుకొనరాదు. 2025 జూలైలో మన రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖవారు యు.పి.ఐ. ద్వారా వచ్చిన సొమ్మును లెక్కించి, వేలాది చిరువర్తకులకు నోటీసులు పంపిరి. బెంగుళూరు వీధులలోని కాఫీ హోటళ్ళు, బేకరీలు, చిల్లర అంగళ్ళముందు "నగదు మాత్రమే" అను బోర్డులు వెలసినవి. మా విద్యార్థుల తండ్రులలో అంగడి నడుపుకొనువారును ఆ రోజులలో కలతచెందిరి. "పన్ను ఎగగొట్టుదమని మా కెన్నడు తోచలేదండీ, ఈ కాగితములో ఏమున్నదో మాకు బోధపడలేదు" అని ఒకరు మాతో ననినారు.

ఆ కాగితపు మర్మము కొంత విప్పి చెప్పుదము. వస్తువు లమ్మువారు ఏడాదికి 40 లక్షలు, సేవ లందించువారు 20 లక్షలు దాటినచో నమోదు చేసికొనవలెను. ఇది లాభముపై లెక్క కాదు, మొత్తము అమ్మకముపై లెక్క. రోజునకు 11,000 రూపాయల అమ్మకము గల చిన్న అంగడియు ఏడాదికి 40 లక్షలు దాటును. అందు మిగులునది స్వల్పమే. మరల, ఫోనులోనికి వచ్చిన ప్రతి రూపాయియు అమ్మకమే కానేరదు. బావమరది తిరిగి యిచ్చిన అప్పును, చీటీ పాట సొమ్మును అందులో కలిసియుండును. తాజా కూరగాయలు, విడిపాలు మొదలగువానిపై పన్నే లేదు. యంత్రము చూపినది మొత్తము మాత్రమే. అందులో ఏది యేమిటో విడదీసి, కాగితములతో అధికారికి నిరూపించుటయే ఆడిటరు పని. నియమిత పరిమితికి లోబడిన చిరువర్తకులు అమ్మకములపై నూటికి ఒక రూపాయి చొప్పున చెల్లించు సులభపద్ధతియు నొకటి కలదు. దానిని ముందుగా చెప్పువారు లేకపోవుటచే పలువు రెరుగరైరి. ఆ నెలలోనే ముఖ్యమంత్రి శ్రీ సిద్ధరామయ్య పాత బాకీలకై వర్తకులను ఒత్తిడి చేయబోమనియు, ఇకపై నమోదు తప్పదనియు ప్రకటించుటతో అలజడి తగ్గినది.

ఈ ఉదంతమున మన పిల్లలకు గొప్ప అవకాశము కనబడుచున్నది. నోటీసు ఆంగ్లమున వచ్చును. అంగడిలో మాట తెలుగుననో కన్నడముననో సాగును. రెండింటికిని వారధి కావలెను. ఇంట తెలుగు, వీధిన కన్నడము, పుస్తకమున ఆంగ్లము నేర్చిన మా విద్యార్థికంటె ఆ వారధి కాదగినవా డెవడు? భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలో చదువుట లోపమని కుమిలిపోవువా రీ సంగతి యోచింతురుగాక.

ఇక ఈ దారిలోని కష్టములు. పి.యు.సి. తరువాత ఫౌండేషను పరీక్ష, పిదప ఆరు పత్రముల ఇంటర్మీడియట్, ఒక ఆడిటరువద్ద శిష్యరికము, తుదకు మరల ఆరు పత్రముల ఫైనల్ పరీక్ష. ప్రతి పత్రమున 40, మొత్తముమీద నూటికి 50 మార్కులు రావలెను. 2024 నవంబరు ఫైనల్ పరీక్షలో రెండు గ్రూపులు కలిపి వ్రాసినవారిలో నూటికి పదుముగ్గురు మాత్రమే నెగ్గిరి. పరీక్షలు ఆంగ్లముననో హిందీలోనో వ్రాయవలెను. తెలుగున వ్రాయు వీలు లేదు. 2023 నాటి క్రొత్త విధానమున శిష్యరికము మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గినది. పేదకుటుంబములకు ఇది ఊరటయే. కాని రెండేండ్లలో చేతిపని పూర్తిగా పట్టుబడునా యని పెద్దలు కొందరు శంకించుచున్నారు. శిష్యరికమున లభించు భృతి ఈ నగరపు అద్దెలకు చాలదు.

నెగ్గినవారి ముందు మరియొక చిక్కు. విదేశీ కంపెనీలు తమ లెక్కల పనులకై బెంగుళూరున పెద్ద కార్యాలయములు నెలకొల్పినవి. అచ్చట జీతము బాగుండును గాని, ఒక్కొక్కరికి లెక్కలో నొక తునక మాత్రమే చిక్కును. అది యంత్రమునకు సులువుగా అప్పగింపదగిన తునక కావచ్చును. ఆడిట్ సంస్థలలో పని నేర్పు ఎక్కువ, ఒత్తిడియు ఎక్కువ. 2024లో పూనా నగరమున నొక యువ చార్టర్డ్ అకౌంటెంటు అకాలమరణము పాలుకాగా ఆ తల్లి వ్రాసిన లేఖ దేశమును కలచివేసెను. బిడ్డలను ఈ చదువునకు పంపు తల్లిదండ్రులు వారి మార్కులతోపాటు నిద్రను, ఆహారమునుగూర్చియు విచారించుచుండవలెను.

కావున విద్యార్థినీ విద్యార్థులారా, మీకు చెప్పదగిన మాటలు కొన్ని. యంత్రమును చూచి జంకక దానిని నేర్చుకొనుడు. అది మీ గుమాస్తా, మీరు దానికి గుమాస్తాలు కారాదు. ఆంగ్లమున చదివిన ప్రతి పాఠమును ఇంటిలో అమ్మకు తెలుగున చెప్పి చూడుడు. ఆమెకు బోధపడినచో మీకును బోధపడినట్లే. మీ నాన్నగారి అంగడి లెక్కయో, ఇంటి ఖర్చుల లెక్కయో నెలకొకసారి వ్రాయుడు. ఒకసారి తప్పినంతనే క్రుంగిపోకుడు. కాస్ట్ అకౌంటెంటు, కంపెనీ సెక్రటరీ పరీక్షలు, బ్యాంకులు, ఖజానా కార్యాలయములు కూడ లెక్క నేర్చినవారినే కోరుచున్నవి. అన్నిటికి మించి, ప్రశ్నించు నలవాటు చేసికొనుడు. "ఈ అంకె యెక్కడనుండి వచ్చినది?" అను చిన్న ప్రశ్నను పట్టువిడువక అడిగియుండినచో సత్యం పుస్తకములు అన్నేండ్లు నిలిచెడివి కావు.

వచ్చే వేసవిలో వరండాలో మరల ఆ ప్రశ్న వినవచ్చును. కూడికలకై మీ బిడ్డను పంపవలదండీ. అబద్ధపు లెక్కకు సంతకము చేయనని చెప్పగల ధైర్యమున్నచో తప్పక పంపుడని మేము బదులు చెప్పుదుము. అట్టివారు మా పాఠశాలనుండి ఏటేట ఒకరిద్దరు బయలుదేరినను, ఈ నగరమున దాచుకొన్న సొమ్మునకై వీధిన నిలువవలసిన వృద్ధుల సంఖ్య కొంతయైన తగ్గును.