కంపైలర్ నుంచి కోపైలట్ దాకా: ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాము

మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నేరుగా అర్థం చేసుకోదు. ప్రాసెసర్‌కు తెలిసినవి అంకెల రూపంలో ఉండే చిన్న చిన్న ఆజ్ఞలే: ఫలానా చోట ఉన్న విలువ తెచ్చుకో, దానికి ఇది కలుపు, ఫలితం సున్నా అయితే అక్కడికి వెళ్ళు. మనిషికి వీలైన భాషలో రాసినదాన్ని ఈ ఆజ్ఞల్లోకి మార్చే పని కూడా ఒక ప్రోగ్రామే చేస్తుంది. దాని పేరు కంపైలర్. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను కలవరపెడుతున్న కృత్రిమ మేధ కోడింగ్ సాధనాల వంశం 1950లలో దీనితోనే మొదలైంది. ప్రోగ్రామర్ చేసే పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచనా అప్పటిదే, అలా అప్పగిస్తే ప్రోగ్రామర్‌కు ఏం మిగులుతుందన్న సందేహమూ అప్పటిదే.

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రామ్ ఇవ్వడమంటే తీగలు పీకి మళ్ళీ గుచ్చడం, స్విచ్చులు తిప్పడం. కే మెక్‌నల్టీ, బెటీ జెన్నింగ్స్, బెటీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్ అనే ఆరుగురు స్త్రీలు ఆ పని నిభాయించారు. కొత్త లెక్క ఎక్కించాలంటే రోజులు పట్టేది. వాళ్ళకు దక్కాల్సిన గుర్తింపు కొన్ని దశాబ్దాల తర్వాత గానీ దక్కలేదు.

1949లో కేంబ్రిడ్జిలో మొదలైన ఎడ్‌సాక్ కంప్యూటర్ నాటికి తీగల బెడద పోయింది. ప్రోగ్రామును కాగితపు టేపు మీద రంధ్రాలుగా ఇచ్చేవారు. డేవిడ్ వీలర్ రాసిన ఒక చిన్న ప్రోగ్రాము టేపు మీది అక్షరాలను చదివి యంత్రపు ఆజ్ఞలుగా మార్చేది. అసెంబ్లర్ అనే సాధనానికి ఇది తొలి రూపాల్లో ఒకటి. తరచూ అవసరమయ్యే లెక్కలను ఒకసారి రాసిపెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునే సబ్‌రొటీన్ల పద్ధతి కూడా అక్కడే స్థిరపడింది. యంత్రం తయారైతే పని అయిపోయినట్టేనని నిర్మాతలు అనుకున్నారు. అసలు పని అప్పుడే మొదలైంది. ఇకపై తన జీవితంలో చాలా భాగం తాను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికే పోతుందని ఆ ప్రాజెక్టుకు నాయకుడైన మారిస్ విల్క్స్‌కు ఆ రోజుల్లోనే తెలిసివచ్చింది. ఆ సంగతి ఆయనే తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు.

1952లో గ్రేస్ హాపర్ యూనివాక్ కంప్యూటర్ కోసం ఎ-0 అనే వ్యవస్థను తయారుచేసింది. ఏయే సబ్‌రొటీన్లు కావాలో సంఖ్యలతో చెబితే అది టేపు మీంచి వాటిని తెచ్చి వరుసగా కూర్చిపెట్టేది. నేటి కొలతలతో చూస్తే దాన్ని పూర్తి కంపైలర్ అనలేం, కానీ కంపైలర్ అన్న పేరు సాఫ్ట్‌వేర్ లోకంలో స్థిరపడింది దానితోనే. కంప్యూటర్ లెక్కలు చేస్తుందే తప్ప ప్రోగ్రాములు రాయలేదని అప్పటివాళ్ళు తన మాట కొట్టిపారేశారని హాపర్ తర్వాతి కాలంలో చెప్పేది.

ఆ అభిప్రాయాన్ని గట్టిగా మార్చింది ఫోర్ట్రాన్ భాష. 1953 చివర్లో ఐబీఎం ఉద్యోగి జాన్ బాకస్ దాని ప్రతిపాదనను తన పై అధికారి ముందు పెట్టాడు. ఆయన వాదనకు ఆధారం ఖర్చు. కంప్యూటర్ కేంద్రంలో ప్రోగ్రామర్ల మీద పెట్టే ఖర్చు యంత్రం ఖర్చుకు ఏమాత్రం తీసిపోవడం లేదు. పైగా యంత్రం నడిచే సమయంలో నాలుగో వంతు నుంచి సగం దాకా తప్పులు దిద్దడానికే పోతోంది. అప్పటికే ఉన్న ‘ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్’ వ్యవస్థలు ప్రోగ్రామును అయిదింతలు, పదింతలు మందగింపజేసేవి. అందుకే చేయి తిరిగిన ప్రోగ్రామర్లు వాటిని నమ్మలేదు. తమ నైపుణ్యాన్ని ఒక యంత్రం అందుకోగలదంటే ఒప్పుకోలేదు. బాకస్ బృందానికి ఈ అపనమ్మకం ఎంత బలమైనదో బాగా తెలుసు. భాషను రూపొందించడం కంటే, చేత్తో రాసినదానికి దీటైన ఆజ్ఞలను యంత్రంతో పుట్టించడమే అసలు సమస్య అని వాళ్ళు గుర్తించారు.

ఫోర్ట్రాన్‌ను తయారుచేసింది ఐబీఎం 704 యంత్రం కోసం. అందులో ఉన్న ఇండెక్స్ రిజిస్టర్లు మూడే. లూపులు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నప్పుడు ఏ విలువను ఏ రిజిస్టర్‌లో ఉంచాలన్నది చిక్కు ప్రశ్న. ప్రోగ్రాములో ఏ భాగం ఎన్నిసార్లు నడుస్తుందో ముందే అంచనా కట్టడానికి లోయిస్ హైట్ రాసిన భాగం, ఆ ప్రోగ్రామును యాదృచ్ఛిక సంఖ్యలతో ఊహగా నడిపి చూసేది. ఎప్పుడు పూర్తవుతుందని అడిగిన ప్రతిసారీ ఇంకో ఆరు నెలలన్న జవాబే వచ్చేది. చివరికి 1957 ఏప్రిల్‌లో ఫోర్ట్రాన్ వాడకందారుల చేతికి వెళ్ళింది. అది పుట్టించిన ఆజ్ఞల వరస చూసి, రాసినవాళ్ళే కొన్నిచోట్ల ఆశ్చర్యపోయారు. ఏడాది తిరిగేసరికి, 1958 ఏప్రిల్‌లో 704 వాడుతున్న 26 కేంద్రాలను అడిగితే, సగానికి పైగా కేంద్రాలు తమ పనుల్లో సగానికి పైగా ఫోర్ట్రాన్‌తోనే చేస్తున్నట్టు తేలింది.

ఈ విజయంతో ప్రోగ్రామర్ల సంఖ్య తగ్గలేదు. రాయడం తేలికైన కొద్దీ రాయించుకునేవాళ్ళు పెరిగారు. యంత్రపు ఆజ్ఞలు తెలియని భౌతిక శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు స్వయంగా ప్రోగ్రాములు రాసుకోవడం మొదలుపెట్టారు. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ ఇదే మార్పును వ్యాపార రంగంలోకి తెచ్చింది. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు దానిలో కోట్ల వరుసల కోడ్ పోగేసుకున్నాయి.

ఆ పోగులో ఒక పొదుపు దాగి ఉంది. కంప్యూటర్ మెమరీ ఖరీదైన రోజుల్లో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు. 2000 దగ్గరపడేసరికి, ఏ శతాబ్దమో తేలని ఈ ‘వైటుకే’ చిక్కు తీర్చడానికి ఆ కోడ్‌నంతా చదివి దిద్దాల్సి వచ్చింది, అమెరికాలో అందుకు మనుషులు చాలలేదు. తెలుగువాళ్ళ జీవితాల్లోకి ఈ కథ పెద్దఎత్తున ప్రవేశించింది అప్పుడే. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు వెలిశాయి. 1998 నవంబరులో హైటెక్ సిటీ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65 వేల నుంచి 1,15,000కు పెంచింది, 2001 నుంచి మూడేళ్ళపాటు 1,95,000 చేసింది. ఊళ్ళో పొలం ఉన్న ఇంటి పిల్లలు మూడు నెలల కోర్సు చేసి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళగలిగారంటే, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన కోడ్‌ను చదివి అర్థం చేసుకునే మనుషుల అవసరం అంతగా ఉండబట్టే.

ప్రోగ్రామర్ల అవసరమే లేకుండా చేస్తామన్న హామీలు మధ్యమధ్య వస్తూనే ఉన్నాయి. 1981లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక ప్రోగ్రామ్ జనరేటర్‌కు ‘ది లాస్ట్ వన్’ అని పేరు పెట్టారు. ఇక వేరే ప్రోగ్రాము రాయనక్కర్లేదని దాని భావం. బేసిక్ భాషలో చిన్న వ్యాపార ప్రోగ్రాములు పుట్టించడం మించి అది ముందుకు పోలేదు. ఇలాంటి ఆశలకు 1986లో ఫ్రెడ్ బ్రూక్స్ రాసిన వ్యాసం సమాధానంగా నిలిచింది. సాఫ్ట్‌వేర్‌లో కష్టం రెండు రకాలని ఆయన వివరించాడు. ఒకటి పనిముట్ల లోపం వల్ల వచ్చేది, దాన్ని మెరుగైన పనిముట్లు తొలగిస్తాయి. రెండోది సమస్యలోనే ఉన్నది: ఏం కావాలో తేల్చుకోవడం, దాని లోపలి భాగాలు ఒకదానితో ఒకటి పొసగేలా చూడడం. ఏ ఒక్క సాధనమూ పదేళ్ళలో పదింతల లాభం తెచ్చిపెట్టదని ఆయన అంచనా. ఇప్పటి సాధనాలను తూచడానికి కూడా ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

కొత్త తరం సాధనాలకు పునాది వేరే దిక్కునుంచి వచ్చింది. మనుషులు రాసే కోడ్‌లో ఒకే రకం పోలికలు ఇంగ్లీషు వచనంలో కంటే ఎక్కువగా పునరావృతమవుతాయని, గణాంక పద్ధతులతో తర్వాతి పదాన్ని ఊహించడం అక్కడ మరింత సులువని 2012లో ప్రేమ్‌కుమార్ దేవన్‌బు, ఆయన సహచరులు చూపించారు. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే నాడీజాల నిర్మాణాన్ని ప్రకటించారు. ముందున్న పాఠమంతటినీ లెక్కలోకి తీసుకుని తర్వాతి ముక్కను అంచనా వేయడంలో అది దిట్ట. ఓపెన్‌ఏఐ అలాంటి నమూనాకు గిట్‌హబ్‌లోని 159 గిగాబైట్ల పైథాన్ కోడ్ చదివించి కోడెక్స్‌ను తయారుచేసింది. చేత్తో రాసిన 164 ప్రోగ్రామింగ్ లెక్కలు ఇస్తే, తొలి ప్రయత్నంలోనే 28.8 శాతం సరిగ్గా చేసింది. వందేసిసార్లు ప్రయత్నించనిస్తే 70.2 శాతం లెక్కలకు కనీసం ఒక సరైన జవాబు దొరికింది. 2021 జూన్‌లో దీన్ని గిట్‌హబ్ కోపైలట్‌గా ప్రోగ్రామర్ల ముందుకు తెచ్చారు. తర్వాతి ఏడాది నవంబరులో ఒక వ్యాజ్యం కోర్టుకెక్కింది. ఓపెన్ సోర్స్ కోడ్ రాసినవాళ్ళ లైసెన్సు షరతులను పక్కనబెట్టి వాళ్ళ శ్రమను వాడుకున్నారన్నది అందులోని ఆరోపణ.

కంపైలర్‌కూ దీనికీ ఉన్న తేడా వేగంలో లేదు, హామీలో ఉంది. కంపైలర్ ఇన్‌పుట్ ఒక నిర్దిష్టమైన భాష. ప్రతి వాక్యానికీ ఒకే అర్థం ఉంటుంది, ఆ అర్థాన్ని చెడగొట్టకుండా మార్చడం దాని బాధ్యత. కంపైలర్లలోనూ బగ్‌లు ఉంటాయి. యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడేళ్ళలో 325కు పైగా బగ్‌లను బయటపెట్టినట్టు 2011లో ప్రకటించారు. కానీ ఒకసారి దిద్దిన బగ్ అందరికీ దిద్దినట్టే. భాషా నమూనాకు ఇచ్చే ఇన్‌పుట్ మామూలు మాటలు, వాటికి పలు అర్థాలు. అది ఇచ్చే కోడ్ ఎక్కువ సంభావ్యత ఉన్న కోడ్, సరైనదని రుజువైన కోడ్ కాదు. అదే ప్రశ్న మళ్ళీ అడిగితే మరో జవాబు రావచ్చు. అందువల్ల ఫోర్ట్రాన్ వాడిన ఇంజనీరు యంత్రపు ఆజ్ఞలను చదవడం మానేయగలిగాడు. కోపైలట్ వాడేవాళ్ళు మాత్రం అది రాసినదాన్ని చదవడం మానలేరు.

చదవకపోతే ఏమవుతుందో 2021లోనే న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందం చూపింది. భద్రతా లోపాలకు ఆస్కారమున్న 89 సందర్భాల్లో కోపైలట్‌తో 1,689 ప్రోగ్రాములు రాయిస్తే, సుమారు 40 శాతం ప్రోగ్రాముల్లో లోపాలున్నాయి. మరో పరిశోధనలో 16 నమూనాలతో 5,76,000 కోడ్ ముక్కలు రాయించారు. అవి వాడమని సూచించిన ప్యాకేజీల్లో 19.7 శాతం అసలు లేనే లేవు. లేని ప్యాకేజీ పేరుతో దుర్మార్గులు నిజంగానే ఒకటి తయారుచేసి పెడితే, నమ్మి దించుకున్నవాళ్ళ యంత్రంలోకి అది చేరిపోతుంది.

పని ఎంత తొందరగా అవుతుందన్నదానికి ఒకే జవాబు లేదు. 2023లో ప్రకటించిన ప్రయోగంలో 95 మందికి జావాస్క్రిప్ట్‌లో చిన్న వెబ్ సర్వర్ రాయమంటే, కోపైలట్ ఉన్నవాళ్ళు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. 2025లో మీటర్ అనే సంస్థ వేరే రకం మనుషులను పరీక్షించింది: తమకు బాగా పరిచయమున్న పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే 16 మంది అనుభవజ్ఞులను, 246 పనులతో. కృత్రిమ మేధ వాడినప్పుడు వాళ్ళకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిశాక కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే వాళ్ళు నమ్మారు. రెండు ఫలితాలూ పరస్పరం కొట్టుకోవు. సున్నా నుంచి చిన్నదొకటి కట్టడంలో రాయడమే ఎక్కువ. పాత పెద్ద వ్యవస్థను మార్చడంలో మాత్రం ఏది ఎందుకు అలా ఉందో తెలియడమే ఎక్కువ, బ్రూక్స్ చెప్పిన రెండో రకం కష్టం అదే. ఈ రెండో పరీక్ష 2025 తొలి నెలల సాధనాలతో జరిగిందన్నదీ గుర్తుంచుకోవాలి. ఈ సాధనాలు చాలా త్వరగా మెరుగుపడుతున్నాయి.

కొత్త ప్రొడక్టు తయారుచేసేవాళ్ళకు ఇది నిజంగా పెద్ద వెసులుబాటు. కోడ్ రాయడం రాని వ్యాపారి, ఉపాధ్యాయుడు, డిజైనర్ తమ ఆలోచనను రెండు మూడు రోజుల్లో పనిచేసే నమూనాగా చూపించగలుగుతున్నారు. కోడ్‌ను చూడకుండా మాటలతోనే ప్రోగ్రాము రాయించుకునే ఈ పద్ధతికి 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కర్పతీ ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టాడు. నమూనా దాటి నిజమైన వాడకందారుల డేటా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం మొదలవుతుంది. 2025 జూలైలో ఒక వ్యాపారవేత్త చేసిన ప్రయోగంలో, మార్పులు చేయవద్దని చెప్పినా రెప్లిట్ అనే సంస్థ కోడింగ్ ఏజెంటు అసలు డేటాబేస్‌ను తుడిచేసింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి, పరీక్షల డేటాబేస్‌నూ అసలుదాన్నీ విడదీసే ఏర్పాటు ప్రకటించాడు. అనుభవమున్న బృందాలు ఈ జాగ్రత్తను ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్నాయి.

పెద్ద సంస్థల్లో ఈ సాధనాలు ఇప్పటికే దినచర్య. తమ సంస్థ కోడ్‌లో 20 నుంచి 30 శాతం సాఫ్ట్‌వేరే రాస్తోందని హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ 2025 ఏప్రిల్‌లో చెప్పాడు. ఉద్యోగాలు తగ్గే భారం మాత్రం అందరిపైనా సమానంగా పడడం లేదు. అమెరికా జీతాల లెక్కలను పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు, 22 నుంచి 25 ఏళ్ళ వయసు సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నాటి గరిష్ఠ స్థాయి నుంచి 2025 జూలైకి దాదాపు 20 శాతం తగ్గాయని, పెద్ద వయసువారిలో ఆ తగ్గుదల లేదని చూపారు. వడ్డీ రేట్లు, కరోనా కాలంలో జరిగిన మితిమీరిన నియామకాలు కూడా ఇందుకు కారణాలేనన్న వాదన ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. అయినా ఈ తగ్గుదల పడిన చోటు ఆందోళన కలిగించేదే. చిన్న బగ్‌లు దిద్దడం, టెస్టులు రాయడం, పాత కోడ్‌కు మెరుగులు పెట్టడం ఫ్రెషర్లకు ఇచ్చే పనులు. నమూనాలు బాగా చేసేవీ అవే. యంత్రం రాసిన కోడ్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకునే నేర్పు ఆ పనులు చేస్తూనే అబ్బుతుంది. వైటుకే రోజుల్లో ఇతరుల కోబాల్ చదివిన కుర్రాళ్ళే ఈనాడు ఆర్కిటెక్టులు, మేనేజర్లు. ఫ్రెషర్ల నియామకాలు ఆపేసిన సంస్థకు ఈ ఏడాది ఖర్చు తగ్గుతుంది, పదేళ్ళ తర్వాత దాని కోడ్ రివ్యూ చేయాల్సిన మనిషి మాత్రం ఎక్కడా తయారై ఉండడు. అందుకే కొత్తవాళ్ళను తీసుకుని, యంత్రం రాసిన కోడ్‌ను చదివించడం, దాన్ని విరగ్గొట్టే టెస్టులు రాయించడం, అది అలా ఎందుకుందో సీనియర్‌కు వివరించమనడం ఇప్పుడు శిక్షణలో భాగం కావాలి. కాలేజీ పాఠాలూ అమీర్‌పేట కోర్సులూ ఇంకా ఎక్కువగా రాయడాన్నే నేర్పుతున్నాయి.