వీపు మీద మంచె!

అమెరికాలో జింకల వేటకెళ్లేవాళ్లు చాలామంది మంచెను వీపున మోసుకుపోతారు. పేరు క్లైంబింగ్ స్టాండ్. రెండు ముక్కలు. ఒకదాన్ని చేతులతో, రెండోదాన్ని కాళ్లతో జరుపుకుంటూ చెట్టెక్కేయడమే. మన గీత కార్మికుడి మోకుకు అల్యూమినియం చుట్టమన్నమాట!

చిక్కల్లా నడకలోనే. బరువు దాదాపు 9-10 కిలోలు. దాంతోపాటొచ్చే సన్నటి పట్టీలు కాస్త దూరానికే భుజాల్ని కోసేస్తాయి. అందుకే అనుభవమున్నవాళ్లు మెత్తటి పట్టీలు, నడుం బెల్టు వేయించుకుంటారు. బెల్టు తుంటి మీద బిగిస్తే భుజాలకు ఊపిరాడుతుంది. స్టాండు వీపుకి అతుక్కునుండాలి, ఎడమైతే వెనక్కి లాగేస్తుంది. లోహాలు రాసుకునేచోట గుడ్డ టేపు తప్పనిసరి... ఒక్క 'టింగ్' చాలు, జింక మాయం! దళసరి కోటు స్టాండుకే కట్టేయాలి. తొడుక్కుని నడిస్తే పట్టే చెమట, పైన కదలకుండా కూర్చున్నాక వణికిస్తుంది.

బరువు తగ్గాలంటే ఇంకేదైనా వదిలెయ్యొచ్చుగానీ, ఒంటికి చుట్టుకునే సేఫ్టీ హార్నెస్‌ని కాదు. ఈ వేటలో పెద్ద ప్రమాదం చెట్టు మీంచి పడటమే.