సముద్రము దాటు విద్యాపత్రములు

నేడు మన యిండ్లనుండి కుమారుడు గాని కుమార్తె గాని విదేశమునకు బయనమగుట వింత కాదు. ఆవకాయ జాడీలు, కారప్పొడులు, ఉన్ని దుస్తులు మూటగట్టుటయందు మనకు గల శ్రద్ధ వారి విద్యాపత్రములను సిద్ధపరచుటయందు కానరాదు. అది మగవారి పనియనియో, పిల్లల పనియనియో విడిచిపెట్టుచున్నాము. కాని ఆ పత్రములు యేండ్ల తరబడి మన పెట్టెలలో, మన పట్టుచీరల మడతల నడుమనే యుండును గదా! వాని మంచిచెడ్డలు మనకును తెలియుట మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యక్కగారి కుమార్తె బి.ఎడ్. పూర్తిచేసి, దుబాయి నగరమున నొక పాఠశాలలో ఉపాధ్యాయినిగా కుదిరినది. మా యక్క ఆమె పట్టాకు తడి తగులకుండ, చెదలు పట్టకుండ, బజారున నిచ్చి ప్లాస్టిక్ పొరతో లామినేషన్ చేయించి పదిలముగా దాచియుండెను. పట్టా వెనుక ముద్ర వేయవలసి వచ్చినప్పుడు చిక్కు బయటపడినది. ఆ నున్నని పొరపై ముద్ర నిలువదు; పొర నూడదీయబోగా కాగితమే చిరిగినది. రెండవ ప్రతికై దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి, పలుమారులు తిరిగి సంపాదించునప్పటికి పాఠశాల తెరచు దినము దాటిపోయెను. ఆ యుద్యోగము వేరొకరికి పోయెను. “భద్రపరచితి ననుకొంటినే గాని చెరచితి ననుకొనలేదే” యని మా యక్క కంట తడి పెట్టుకొనెను. పిల్ల మాత్రము తల్లి నొక్క మాటయు ననలేదు. మరుసటి యేట మఱియొక చోట కుదిరి వెళ్లినది. ఐనను మా యక్క మనసులో నా ముల్లు నేటికిని కలదు.

అసలు ఈ ముద్ర లెందులకు? అశోకవనమున సీతమ్మ హనుమంతుని చూచి మొదట శంకించినది గాని, రాముని యుంగరము చూచిన పిమ్మట నా శంక తీరినది. అట్లే పరదేశపు టధికారికి మన విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు సంతకము తెలియదు. ఆయన గుర్తింపగల ముద్ర యొకటి కావలయును. అందుచే విశ్వవిద్యాలయపు సంతకమును రాష్ట్రప్రభుత్వమును, రాష్ట్రప్రభుత్వపు సంతకమును కేంద్రప్రభుత్వపు విదేశాంగ మంత్రిత్వశాఖయు, దాని సంతకమును పరదేశపు రాయబార కార్యాలయమును ధ్రువపరచు గొలుసు ఏర్పడినది.

ఈ గొలుసును కురుచ చేయుటకై 1961 అక్టోబరు 5వ తేదీన హేగ్ నగరమున నొక యొడంబడిక జరిగినది. దాని ననుసరించి యిచ్చు ధ్రువపత్రమునకు ‘అపోస్టిల్’ అని పేరు. అది 9 సెంటీమీటర్లకు తక్కువ గాని ప్రక్కలు గల చతురస్రము. అందు 10 అంశములు వరుసగా నుండును. అది యున్నచో నా యొడంబడికలోని దేశములలో పెక్కింటికి రాయబార కార్యాలయపు ముద్ర యక్కర లేదు. మన దేశమున నిది 2005 జూలై 14 నుండి అమలులో నున్నది. సౌదీ అరేబియాయందు 2022 డిసెంబరు 7 నుండియు, కెనడాయందు 2024 జనవరి 11 నుండియు నిది వర్తించుచున్నది. మన తెలుగువారు మిక్కిలిగా పోవు ఐక్య అరబ్ ఎమిరేట్లు, కువైట్, ఖతార్ దేశము లిందు చేరలేదు గావున, వానికి పాత గొలుసే గతి.

ఒక సంగతి మరువరాదు. అపోస్టిల్ సంతకమును, సంతకము చేసినవారి హోదాను, ముద్రను మాత్రమే నిజమని చెప్పును. లోపల వ్రాసిన చదువునకు గాని మార్కులకు గాని అది పూచీపడదు. ఉంగరము పంపినవారిని తెలుపును గాని, తెచ్చినవాని పాండిత్యమును కొలువదు గదా!

ఇక చేయవలసిన క్రమము. మొదట, పిలిచిన సంస్థ నేమి కావలయునో వ్రాతమూలకముగా నడుగవలెను. పై చదువులకు పిలుచు విశ్వవిద్యాలయములు అనేకము అపోస్టిల్ కోరవు. మార్కుల పత్రమును చదివిన విశ్వవిద్యాలయమే మూసిన కవరులో గాని, నేరుగా గాని పంపుట చాలుననును. అట్టిచో వృథా వ్యయ మేల? ముద్రలే కావలయు నన్నచో, విద్యాపత్రమును ముందుగా రాష్ట్రప్రభుత్వముచే ధ్రువపరపించి, పిదప విదేశాంగ శాఖకు పంపవలెను. ఆ శాఖ తాను నియమించిన సంస్థల ద్వారా పత్రములు స్వీకరించును. ఈ పని హైదరాబాదునందును జరుగును. ‘ఇ-సనద్’ అను నంతర్జాల మార్గమును గలదు. నియమిత సంస్థల పేర్లు ఆ శాఖవారి ప్రకటనలలో చూచుకొనవలెనే గాని, వీధిలో “రెండు దినములలో తెచ్చియిత్తు” నను దళారిని నమ్మరాదు. దొంగముద్ర పడినచో శిక్ష పిల్లలకే.

పేర్ల చిక్కు మఱియొకటి. మన ఆడపిల్లల పేర్లు పదవ తరగతి పత్రమున ఇంటిపేరు తొలి యక్షరముతో నుండును. పాసుపోర్టున ఇంటిపేరు పూర్తిగా నుండును. వివాహానంతరము మెట్టినింటి పేరు వచ్చి చేరును. మూడు పత్రములలో ముగ్గురు వనితలు కనబడుదురు! మావారు పాఠశాలలో పదవ తరగతి బాలికల పేర్ల పట్టిక పంపు దినములలో, “తల్లులు వచ్చి యొక్కసారి చూచిన బాగుండును” అని యేటేట చెప్పుచుందురు. వచ్చువారు నలుగురైదుగురే. ఆనాడు దిద్దుట నిమిషము పని. పిమ్మట దిద్దుట నెలల పని.

కావున, సోదరీమణులారా! పట్టాలకు లామినేషన్ చేయింపకుడు. ఊడదీయదగిన సంచిలో నుంచుడు. మూలప్రతులను మడువకుడు. నకళ్లు వేరుగా నుంచుడు. ప్రయాణము కుదిరిన పిమ్మట గాక, దరఖాస్తు వేయునాడే ముద్రల పని యారంభింపుడు. బిడ్డ చదువు మన చేతిలో లేకపోవచ్చును; ఆ చదువునకు గురుతైన కాగితము మాత్రము మన పెట్టెలోనే యున్నది. నేటి సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట నా పెట్టె నొక్కసారి తెరచి చూడుడు.