దుమ్ము మింగితే ఇంజను మిగలదు

సికింద్రాబాద్: జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి రాణిగంజ్ వైపు నడిచే మన వూళ్ల వారి చేతి సంచిలో ఏదో ఒక పాత సామాను వుంటుంది. బోరు మోటారు బేరింగో, ట్రాక్టరు ఫిల్టరో, జీపు బెల్టో. పాతది చూపించి దానికి సరిపోయే కొత్తది తెచ్చుకోవడం మనకు ఏనాటి నుంచో అలవాటు. కొన్నేళ్లుగా దీనికి మరో మోజు తోడయింది. బొలేరో, స్కార్పియో వంటి పెద్ద బండ్లు వున్న కుర్రకారులో కొందరు కంపెనీ బిగించిన గాలి డబ్బాను పీకేసి, ఆ స్థానంలో గరాటు ఆకారపు ఫిల్టరు పెట్టించుకుంటున్నారు. బండికి సత్తువ పెరుగుతుందని, శబ్దం గంభీరంగా వస్తుందని వారి ఆశ. శబ్దం సంగతి నిజమే. సత్తువ సంగతే ఆలోచించవలసి వుంది.

లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే తక్కువలో తక్కువ పది వేల లీటర్ల గాలి కావాలి. అంటే పెళ్లిళ్లకు నీళ్లు తెచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు నింపినంత గాలి. నిజానికి డీజిల్ ఇంజను అంతకన్నా ఎక్కువే పీలుస్తుంది. మన మట్టి రోడ్ల మీద ఆ గాలిలో ఎంత దుమ్ము వుంటుందో వేరే చెప్పనక్కర లేదు. ఆ దుమ్ము లోపలికి పోయి ఇంజను ఆయిలుతో కలిసిందంటే సానరాయి పని చేస్తుంది. రింగులు, బోరు అరిగిపోతాయి. టర్బో వున్న బండి అయితే దాని రెక్కలు ముందుగా దెబ్బ తింటాయి.

ఈ బాధ మనది మాత్రమే కాదు. 1915లో అమెరికాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఆయన, ఒక రైతు ట్రాక్టరు మాటిమాటికీ పాడవుతుంటే కారణం దుమ్మేనని కనిపెట్టి, గాలి వడబోసే సాధనం తయారు చేశాడు. ఆ తర్వాత అదే ఆయన వ్యాపారమయింది.

1947 నుంచి మహీంద్రా వారు మన దేశంలో బిగించిన విల్లిస్ జీపుల కాలంలోనూ, నిన్న మొన్నటి ట్రాక్టర్లలోనూ నూనె గిన్నె ఫిల్టరే వుండేది. పాత ట్రాక్టరు వున్న రైతులకు దీని సంగతి బాగా తెలుసు. గాలి నూనె మీదుగా మళ్లి తీగల జల్లెడలోకి పోతుంది, దుమ్ము నూనెలో దిగిపోతుంది. గిన్నెలో గీత వరకే నూనె పోయాలి. నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని నిండుగా పోస్తే ఆ నూనె ఇంజనులోకి పోయి, తాళం తీసినా బండి ఆగకుండా రెచ్చిపోయే ప్రమాదం వుంది. దున్నకాల్లో, కంకర పనుల్లో రోజూ గిన్నె విప్పి చూడాలి. ఇంజను ఆపాక కాసేపు ఆగితే జల్లెడలోని నూనె కిందికి దిగుతుంది, అప్పుడు విప్పాలి.

ఇప్పటి బండ్లలో మడతల కాగితం ఫిల్టరు వుంటుంది. దీనిని నీళ్లతో కడగరాదు, డీజిల్‌లో ముంచరాదు, నేలకేసి బాదరాదు. మెల్లగా తట్టి దులపవచ్చు. పంక్చరు షాపులో గాలి కొట్టించేవారు శుభ్రంగా వున్న వైపు నుంచి దుమ్ము వైపుకు, తక్కువ ఒత్తిడితో, గొట్టాన్ని దూరంగా పట్టి కొట్టించాలి. ఎదురు కొడితే దుమ్ము మడతల లోపలికే పోతుంది. తర్వాత చీకటిలో ఫిల్టరు వెనుక బ్యాటరీ లైటు పట్టి చూడాలి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనిపిస్తే చిల్లు పడినట్లే, మార్చవలసిందే. అలాగని వారం వారం విప్పవద్దు. కాస్త దుమ్ము పట్టిన కాగితం కొత్త కాగితం కన్నా బాగా వడబోస్తుంది. అతిగా విప్పితే రబ్బరు అంచు చెడుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువు చూసుకొని, దుమ్ము రోడ్లయితే దానికన్నా ముందే మార్చుకోవాలి.

గరాటు ఫిల్టరు విషయానికి వస్తే, ఈ విలేకరి ఇంట్లోనే ఆ ముచ్చట జరిగింది. మా బావమరిది పాత బొలేరోకు ఒక షాపులో దానిని బిగించారు. తప్పు షాపుది కాదు, అడిగి పెట్టించుకున్నది మేమే. ఒక ఎండాకాలం కంకర రోడ్డు పని మీద తిరిగే సరికి బండి ఆయిలు తాగడం మొదలుపెట్టింది, సైలెన్సరు నుంచి నీలి పొగ. మెకానిక్ ఫిల్టరు తర్వాత వుండే గొట్టంలో వేలు పెట్టి తీసి చూపించాడు. వేలంతా ఎర్ర మట్టి. "అన్నా, ఇది గాలి గొట్టం కాదు, మట్టి గొట్టం" అన్నాడు. బోరు చేయించక తప్పలేదు. ఆ యేడు పత్తి డబ్బులు దానికే సరిపోయాయి.

కంపెనీ డబ్బా బయటి చల్ల గాలిని పీలుస్తుంది. బానెట్ కింద విప్పార్చి పెట్టిన గరాటు ఇంజను వేడి గాలిని పీలుస్తుంది. వేడి గాలి పలచన, అందులో ప్రాణవాయువు తక్కువ. సత్తువ పెరగకపోగా తగ్గవచ్చు. కొన్ని గరాటులకు నూనె రాయాలి. ఆ నూనె ఎక్కువైతే కొత్త బండ్లలో గాలిని కొలిచే సెన్సరుకు అంటుకొని లెక్క తప్పిస్తుంది. ఇక కంపెనీ వారంటీ అడిగితే వారు ముందుగా చూసేది ఈ మార్పునే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

వాగులు దాటవచ్చని కిటికీ పక్కగా పైకి నిలబెట్టే గొట్టం పెట్టించుకునేవారూ వున్నారు. కింది అతుకులన్నీ నీరు చొరకుండా వుంటేనే అది పని చేస్తుంది. అతుకు వదులైతే పైనుంచి గాలి, కిందినుంచి నీరు. గొట్టం ఎంత పొడవున్నా రెండడుగుల ప్రవాహం పెద్ద బండిని సైతం కొట్టుకొని పోతుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో బండ్లు నీళ్లలో మునిగిన సంగతి తెలిసిందే. నీట ఆగిన బండిని మళ్లీ స్టార్టు చేయవద్దు. నీరు గాలిలా నలగదు, లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి తోయించి మెకానిక్‌ను పిలవడమే మేలు.

నెలల తరబడి నిలిపిన బండి అయితే తీసే ముందు గాలి డబ్బా విప్పి చూడండి. గాలి వచ్చే మూతిలో కందిరీగలు గూడు పెడతాయి. ఎలుకలు కాగితం కొరికి పడక వేసుకుంటాయి. గొట్టం బిగింపు క్లిప్పులు వదులైతే ఫిల్టరు ఎంత కొత్తదైనా దుమ్ము పక్క నుంచి పోతుంది, కనుక ఫిల్టరు మార్చిన రోజున గొట్టంలో ఒకసారి వేలు పెట్టి తుడవండి, పది రోజులకు మళ్లీ చూడండి. రాణిగంజ్‌కు వెళ్లేటప్పుడు పాత ఫిల్టరు వెంట తీసుకుపోయి, పొడవు వెడల్పులతో పాటు రబ్బరు అంచు మందం కూడా పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి.