ఉద్దానం కిడ్నీ జబ్బు: నీళ్లదేనా తప్పు?

అపోహ: బోరు నీళ్లలో సిలికా ఉంది, జనానికి కిడ్నీలు పాడవుతున్నాయి. కాబట్టి సిలికాయే కారణం.

వాస్తవం: ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఆ అనుమానం అర్థం లేనిదేమీ కాదు. లెక్కల పుస్తకం భాషలో అయితే ఇక్కడ సిలికా స్వతంత్ర చరరాశి, కిడ్నీ పనితీరు ఆధారిత చరరాశి. ఏది మారితే ఏది మారుతుందో చూడాలనుకుని ఆ పేర్లు మనమే పెట్టుకున్నాం. పేరు పెట్టగానే కారణం రుజువైపోదు.

ఆ నీళ్లు తాగే మనిషే మండుటెండలో జీడి, కొబ్బరి తోటల్లో కూలికి వెళ్తాడు. చెమట ఓడ్చినంత నీరు తిరిగి తాగడు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగుతాడు. ఇన్నీ కలిసి మారుతుంటే ఏది ఎంత చేసిందో ఎలా తేలుతుంది? మిగతావన్నీ కదలకుండా ఉంచి ఒక్కదాన్నే మార్చాలి. ఎలుకలతో అది కుదురుతుంది. కిడ్నీ పాడవుతుందేమో చూద్దామని మనుషులకు సిలికా నీళ్లు పట్టించడం ఘోరం. అందుకే జబ్బున్నవారినీ లేనివారినీ వయసు, పని, నీళ్లు, మందులు అన్నీ రాసుకుని పోల్చాల్సి వస్తోంది. శ్రీలంకలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లోనూ పొలం పనివారికి ఇలాంటి జబ్బే వస్తోంది. మధ్య అమెరికాలో ఎండలో చేసే కష్టం మీదే ఎక్కువ అనుమానం.

అపోహ: స్వతంత్ర చరరాశి ఎప్పటికీ స్వతంత్రమే.

వాస్తవం: ఎండకు ఒంట్లో నీరు ఎంత తగ్గిందని అడిగితే నీటి లోటు ఆధారితం. ఆ లోటు కిడ్నీని ఏం చేస్తోందని అడిగితే అదే స్వతంత్రం.

అపోహ: రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్ వస్తే కిడ్నీలు బాగున్నట్టే.

వాస్తవం: కిడ్నీల పనితీరు సగం దాకా తగ్గినా ఆ అంకె హద్దులోనే ఉండొచ్చు. కండ తక్కువున్న బక్కపలచని మనుషుల్లో మరీ మోసం చేస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూపించుకోవాలి.

అపోహ: వంశధార నది నీళ్లొచ్చాక కూడా కేసులు పెరిగితే, నీళ్ల తప్పు లేనట్టే.

వాస్తవం: హిరమండలం నుంచి ఆ నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ఒకే రోజు మొదలయ్యాయి. ఆసుపత్రి వచ్చి పరీక్షలు పెరిగితే, జబ్బు పెరగకపోయినా కేసుల లెక్క పెరుగుతుంది. పైగా ఏళ్ల తరబడి దెబ్బతిన్న కిడ్నీ కొత్త నీళ్లతో కోలుకోదు. చూడాల్సింది ఈ నీళ్లతోనే పెరిగే పిల్లలను. ఏ ఇంటికి ఏ నెల నుంచి కుళాయి నీళ్లు అందాయో, ఎవరు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారో ఊరూరా ఇప్పుడే రాసిపెట్టాలి.