కడుపుకోత - ఇంటిపెద్దలు

విశాఖపట్టణమున వన్ టౌన్ అని పిలువబడు పాతపట్టణములో, బురుజుపేటయందు కనకమహాలక్ష్మీ అమ్మవారి గుడి యున్నది. పురిటిబిడ్డలను తెచ్చి అమ్మవారి పాదములకడ పరుండబెట్టుట అచ్చటి వాడుక. గురువారమునాడు ఆ తల్లుల నడుమ ఒట్టిచేతులతో నిలిచిన యువతియు నొక్కొకప్పుడు కానవచ్చును. ఆమె కడుపునను బిడ్డ పెరిగినది. ఒడికి మాత్రము రాలేదు. నేడు ఆమెను గూర్చియే నా ప్రసంగము.

నెలలు నిండని దానికి దుఃఖమేమి యనువారు శాస్త్రము చూడవలెను. నాలుగవ నెలవరకు స్రావమనియు, అయిదారు నెలలయందు పాతమనియు, అటుపైన ప్రసవమనియు పరాశరుడు విభజించెను. గర్భము నిలిచిన నెలలెన్నియో తల్లికి అన్ని రాత్రుల ఆశౌచమని మనువు చెప్పెను. పూర్వులు ఆ నష్టమును లెక్కకు తెచ్చిరి. 1961లో చేసిన చట్టము గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారముల సెలవు నిర్ణయించినది. మనమో, "ఇంకొకటి కలుగునులే" యని కొట్టివేయుచున్నాము!

తెలిసిన గర్భములలో నూటికి పది పదునైదు ఇట్లు పోవుచున్నవని వైద్యులందురు. తొలి మూడు నెలలలో పోవువానిలో సగమునకు పైగా, పిండము రూపుకట్టునపుడే క్రోమోజోముల లెక్క తప్పుటచేత పోవును. గ్రహణము చూచినందున కాదు, దిష్టివలన కాదు, కోడలి పాదము మంచిది కానందున కాదు. రక్తస్రావము హెచ్చినను, జ్వరము వచ్చినను తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. మా పాతపట్టణమున ఘోషాసుపత్రియని జనులు పిలుచు విక్టోరియా స్త్రీల ఆసుపత్రి కలదు. ఇట్లు మరల మరల జరిగినచో పరీక్షలు భార్యకే కాదు, భర్తకును చేయింపవలెను.

నలువదియేండ్ల క్రిందట మా యింట ఏడవనెలలో బిడ్డ పోయెను. చూచినచో మరపు రాదని, తల్లి కన్నెత్తకమునుపే పెద్దలు కొనిపోయిరి. నేను మరునాడే బడికిపోయి శబ్దములు వల్లెవేయించితిని. ఆరునెలలు ఆ మాట ఇంట నెవ్వరు నెత్తలేదు. ఒకనాటి రాత్రి నా భార్య, "ఆడపిల్లయా, మగపిల్లవాడా?" అని యడిగినది. నాకును తెలియదు. అడిగి తెలిసికొనవలెనని నాకు తోచనే లేదు.

కావున, తల్లి కోరినచో బిడ్డను చూడనిండు, ఎత్తుకొననిండు. బలవంతము మాత్రము వలదు. బిడ్డ లేకున్నను ఆమెకు పాలు పడును. ఆ బాధ మంత్రసానికో నర్సుకో చెప్పి ఉపశమింపజేయుడు. వారములు గడచినను అన్నము నిద్ర లేకున్నచో వైద్యునకు చూపుడు. తండ్రిని ధైర్యము చెప్పి పంపివేయక, అరుగుమీద అతని ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు. పొరుగింట సీమంతమైనపుడు ఆమెను పిలువక దాటిపోవువారు కలరు. పిలువుడు, రాలేనన్నచో తప్పుపట్టకుడు.