మన అడవిలో ఒక గడి అంటే ఎన్ని కిలోమీటర్లు? శాండ్‌బాక్స్ గేమ్‌కి మ్యాప్ స్కేల్

ఈరోజు టాపిక్ వినడానికి చాలా చిన్నది. కానీ నా మొదటి క్యాంపెయిన్ ఆరో సెషన్‌కే ఆగిపోయిందంటే దానికి కారణం ఇదే. మ్యాప్ స్కేల్.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడపడం. అందులో శాండ్‌బాక్స్ అంటే గేమ్ మాస్టర్ దగ్గర రెడీమేడ్ కథ ఉండదు. మ్యాప్ ఉంటుంది. "ఎటు పోతారో మీ ఇష్టం" అంటాడు. అంటే ఆ మ్యాపే కథ. అది తేడా కొడితే ఇంకేం మిగలదు.

నా గేమ్ 1670లలో, గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో, పాల్వంచ పరగణాలో జరుగుతుంది. అవును, కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, తహసీల్దారుగా చేసిన పరగణానే. ఇప్పటి కొత్తగూడెం, కిన్నెరసాని నుంచి భద్రాచలం దాటి పర్ణశాల దాకా. సుమారు 60 కిలోమీటర్ల పొడవు, 50 వెడల్పు అనుకోండి.

మ్యాప్ మీద ఆరు మూలల గడులు వేస్తాం, వాటినే హెక్స్ అంటాం. చదరపు గడులు వేస్తే మూల నుంచి మూలకి పోయినప్పుడు దూరం ఎక్కువవుతుంది. హెక్స్‌లో చుట్టూ ఉన్న ఆరు గడులూ ఒకే దూరంలో ఉంటాయి. అందుకే 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆ మొదటి రూల్స్‌లో హెక్స్ 5 మైళ్లు. 1981లో వచ్చిన ఐల్ ఆఫ్ డ్రెడ్‌లో 6 మైళ్లు. ఇప్పుడు ఎవర్ని అడిగినా "6 మైళ్లు పెట్టుకో బ్రో" అంటారు. నేనూ అదే చేశా. 6 మైళ్లంటే మన లెక్కలో దాదాపు 10 కిలోమీటర్లు.

ఏమైందంటే, పాల్వంచ నుంచి భద్రాచలానికి నేరుగా కొలిస్తే 20 కిలోమీటర్ల పైమాటే. నా మ్యాప్‌లో రెండు గడులు. ప్లేయర్లు "ఈ గడి, ఆ గడి, వచ్చేశాం" అన్నారు. మధ్యలో నిర్ణయం తీసుకోవడానికి ఏమీ లేదు. అడవి లేదు, వాగు లేదు, భయం లేదు. బస్సెక్కి దిగినట్టు ఉంది.

అది సర్దుకోవచ్చు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా గ్రూప్‌లో ఒక తమ్ముడు ఉన్నాడు, దుమ్ముగూడెం వైపు కోయ గూడెం వాడు. మ్యాప్ ఫోన్‌లో జూమ్ చేసి చేసి చూసి, "అన్నా, మా ఊరు ఉండాల్సిన చోట ఉత్త అడవి అని రాశావేంటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. 10 కిలోమీటర్ల హెక్స్ అంటే దాదాపు 87 చదరపు కిలోమీటర్లు. అంత జాగాకి నేను పెట్టింది ఒక చెట్టు బొమ్మ. అందులో గూడేలు ఉంటాయి, పోడు ఉంటుంది, సంత దారి ఉంటుంది. బయటి దేశం పుస్తకాల్లో అడవి అంటే మనుషుల్లేని ఖాళీ. మన దగ్గర అలాంటి ఖాళీ ఎక్కడుంది? స్కేల్ పెద్దదైతే ముందు మాయమయ్యేది చిన్న ఊళ్లే. ఆ తర్వాత రెండు వారాలు అందరికీ ఏవో పనులొచ్చాయి. గేమ్ ఆగిపోయింది.

సరే, బీటెక్ చదివిన బుర్ర కదా, రెండోసారి లెక్కేసుకుని కూర్చున్నా. కిన్నెరసాని అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. 10 కిలోమీటర్ల హెక్స్‌లో అది ఏడు గడులు. 5 కిలోమీటర్లైతే 29. 2 కిలోమీటర్లైతే 180 పైనే. అబ్బా, రెండు కిలోమీటర్లే బాగుంది అనిపిస్తుంది కదా? ఆగండి. మొత్తం మ్యాప్ 3,000 చదరపు కిలోమీటర్లు. గడికి పావుగంట చొప్పున రాసుకున్నా 10 కిలోమీటర్ల స్కేల్‌కి 9 గంటల పని, 5కి 35 గంటలు, 2కి 216 గంటలు. ఉద్యోగం మానేసినా కుదరదు. (నేను మానేశాను, అయినా కుదరలేదు.)

ఇంకోటి, మనమంతా ఫోన్‌లోనే కదా చూసేది. స్క్రీన్ వెడల్పు 7 సెంటీమీటర్లు అనుకుందాం. 5 కిలోమీటర్ల స్కేల్‌లో అడ్డంగా 12 గడులు వస్తాయి, ఒక్కోటి 6 మిల్లీమీటర్లు, వేలు పెట్టొచ్చు. 2 కిలోమీటర్లైతే 30 గడులు, ఒక్కోటి ఆవగింజంత.

కానీ అసలు తేల్చేది నడక. బండి బాట మీద రోజుకి 25 కిలోమీటర్లు పెట్టుకున్నా. బాట లేని అడవిలో 10. ఇప్పుడు 5 కిలోమీటర్ల హెక్స్ పెట్టి చూడండి: బాట మీద రోజుకి 5 గడులు, అడవిలో 2. భిన్నాలు లేవు. పాల్వంచ నుంచి భద్రాచలం ఎదుటి ఒడ్డుకి నాలుగైదు గడులు. బాట పడితే ఒక్క రోజు, కాకపోతే సుంకం వాళ్లు ఆపుతారు. అడవిలో పోతే రెండు రోజుల పైనే, ఎవరి కంటా పడరు. అక్కడ మొదలైంది గొడవ! టేబుల్ దగ్గర అరగంట వాదించుకున్నారు. నాకు కావాల్సింది అదే.

మ్యాప్ గీయడానికి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చూసుకోండి. పాత నంబర్లలో 65 సి అనే డిగ్రీ షీట్‌లోనే ఖమ్మం, భద్రాచలం రెండూ పడతాయి. 1:50,000 షీట్‌లో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటర్, కాబట్టి మన హెక్స్ 10 సెంటీమీటర్లు. వాగులు, గుట్టలు, చిన్న ఊళ్లు కనిపిస్తాయి. అవి ఇప్పటి ఊళ్లు, 1670 నాటివి కావు. అయినా మనుషులు నీళ్లున్న చోటే ఉంటారు కాబట్టి ప్రతి గడిలో ఒక గూడెమైనా పెట్టా. పేర్లు మా తమ్ముడే పెట్టాడు.

గోదావరిని మాత్రం గడి మధ్యలో కాకుండా గడుల అంచు మీద గీశా. అప్పుడు "ఏ ఒడ్డున ఉన్నాం" అన్న డౌట్ రాదు. ఇప్పుడు భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు కదా, ఆ మూడు మెట్లనే రూల్‌గా వాడుకున్నా. మొదటి మెట్టులో పడవ ఖర్చు రెట్టింపు. రెండులో పడవలు బంద్. మూడులో ఒడ్డు గడుల్లోకి అడుగు పెట్టలేరు. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 వచ్చిన నది ఇది, కాబట్టి నాలుగో మెట్టు కూడా దాచి ఉంచా. ప్లేయర్లకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

పోయిన సెషన్‌లో వాళ్లు బూర్గంపహాడ్ దగ్గర, కిన్నెరసాని గోదావరిలో కలిసే చోట చిక్కుకున్నారు. వాన ఆగలేదు, రెండో మెట్టు దాటింది. అవతలి ఒడ్డు ఒక్క గడి దూరం. ఆదివారం పాచిక వేస్తాం.